ఆరు సెకన్ల నవ్వు

పొద్దున్న తొమ్మిదింటికి నడుముకి కట్టిన మైకు పెట్టెని మధ్యాహ్నం రెండున్నరైనా ఎవరూ విప్పలేదు. బెల్టు ఒరుసుకుని చర్మం మండుతోంది. దాహంగా ఉంది, కానీ నీళ్ళు తాగితే పెదాల రంగు పోతుందని మేకప్ మనిషి గట్టిగా చెప్పి వెళ్ళాడు. యాభై ఏళ్ళు దగ్గర పడుతున్నాక మొదటిసారి పెదాలకి రంగు వేయించుకున్న మనిషికి అది నోరా ఇంకేదన్నానా అనిపించేలా ఉంది. గోడకున్న అద్దంలోకి ఒకసారి చూసుకుని ఆమె తల తిప్పుకుంది.

రెండో నంబరు గది అది. ఐదో నంబరు గదిలో ఆమె అక్క కూతురు ఉంది. మధ్యలో ఇరవై అడుగుల వరండా. పొద్దుట్నించీ ఒక్కసారైనా ఆ పిల్ల ముఖం చూడనివ్వలేదు.

"ముందే కలిసేస్తే స్టేజీ మీద ఏడుపు రాదాంటీ. మాకు ఫ్రెష్‌గా కావాలి" అంది ఫైలు పట్టుకున్న అమ్మాయి. ముందే తినేస్తే భోజనానికి ఆకలి ఉండదు కదా అన్నంత మామూలుగా అంది.

ఈ స్టూడియో ఆమెకి కొత్త కాదు. ఆరేళ్ళుగా వస్తోంది. కాకపోతే ఎప్పుడూ వెనక గేటు నుంచి, జనాన్ని పోగుచేసే మేస్త్రి తెచ్చే బస్సులో. బట్టల ఫ్యాక్టరీ మూసేశాక దారాలు కత్తిరించే ఆడవాళ్ళు నలుగురూ నాలుగు దిక్కులైపోతే, ఈమె ఇక్కడ తేలింది. టీవీలో గ్యాలరీ నిండా కూర్చుని చప్పట్లు కొడతారే, వాళ్ళలో ఒకత్తె. చూసేవాళ్ళు వాళ్ళంతా టికెట్లు కొనుక్కుని సరదాగా వచ్చినవాళ్ళనుకుంటారు. పొద్దున్నే ఫోన్లు సంచిలో వేసేసి, గళ్ళ బట్టలూ తెల్ల బట్టలూ కట్టుకోకూడదని తెలుసుకుని, పదిగంటలు కదలకుండా కూర్చుంటే చేతికొచ్చేది నాలుగొందలు. ముందు వరసలో కూర్చుని చెప్పగానే కన్నీళ్ళు పెట్టుకోగలిగితే ఇంకో వంద. ఆమె పెట్టుకోగలదు. అందుకే మేస్త్రి ఆమెకి 'ఏడుపక్క' అని పేరు పెట్టాడు. స్టూడియోలో లైట్లు మోసే వాళ్ళ దగ్గర్నుంచి అందరూ అలాగే పిలుస్తారు. పిలిపించుకుని పిలిపించుకుని ఆమె కూడా ఫోనులో "నేనయ్యా, ఏడుపక్కని" అనడం మొదలుపెట్టింది.

ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. పాటగాళ్ళూ ఆటగాళ్ళూ స్టేజీ ఎక్కకముందే గ్యాలరీ ముఖాలు తీసి పెట్టుకుంటారు. స్టేజీ మీద పురుగు కూడా ఉండదు. ఫ్లోర్ మేనేజరు కెమెరా పక్కన నిలబడి చెయ్యెత్తుతాడు. "నవ్వండి. ఇంకా. పడీ పడీ నవ్వండి. చాలు. ఇప్పుడు ఆశ్చర్యం. నోటి మీద చెయ్యి. చాలు. ఇప్పుడు ఏడుపు." ఇలా గంటసేపు. వాటిని 'ముక్కలు' అంటారు. ఎక్కడ కావాలంటే అక్కడ అతుక్కుంటారు. ఎవరి మాటకి ఎవరు నవ్వారో, ఎవరి బాధకి ఎవరు కళ్ళు ఒత్తుకున్నారో, ఆ అతికే మనిషికి తప్ప ఎవరికీ తెలియదు. దాన్ని కోట్లమంది అన్నం తింటూ చూసి, "చూడు పాపం, ఆవిడెలా ఏడుస్తోందో" అనుకుంటారు.

ఏడవడానికి ఆమెకి పెద్ద కష్టం లేదు. ఆస్పత్రిలో మొగుడు పోయిన రోజున మంచం కింద మిగిలిపోయిన చెప్పుల జత గుర్తు తెచ్చుకుంటే చాలు, కొళాయి తిప్పినట్టే. నవ్వడమే మొదట్లో చేతకాలేదు. "ఏంటక్కా, పన్ను పీకించుకున్నట్టు నవ్వుతావు!" అని మేస్త్రి కసిరేవాడు. తర్వాత దానికీ ఒక దారి కనిపెట్టింది. అదేమిటో ఎవరికీ చెప్పలేదు.

అక్క కూతురు మందుల దుకాణంలో బిల్లులు కొట్టే పిల్ల. బాగా పాడుతుంది. 'బాగా' అంటే పిన్ని కాబట్టి అనడం కాదు. వరండాలో బట్టలు ఆరేస్తూ అది పాడుతుంటే, పక్కవాటాలో ఎప్పుడూ కీచులాడుకునే మొగుడూ పెళ్ళాం కూడా కాసేపు నోళ్ళు మూసుకునేవాళ్ళు. ఈ పాటల పోటీకి వెళ్ళమని దరఖాస్తు తెచ్చి ఇచ్చింది పిన్నే. ఆ ఒక్క సంగతి తల్చుకుంటే ఆమెకి తన చెయ్యి తనే నరుక్కోవాలనిపిస్తుంది.

పోటీ రోజున ఏసీలో, మంచినీళ్ళు కూడా సరిగ్గా ఇవ్వకుండా ఎనిమిది గంటలు కూర్చోబెట్టి, అప్పుడు పాడమన్నారట పిల్లని. పైస్థాయికి వెళ్ళేసరికి గొంతు చీలిపోయింది. జడ్జి వెనక్కి వాలి, "మందుల దుకాణంలో పనిచేస్తావు కదమ్మా, గొంతుకి మందేమీ దొరకలేదా?" అన్నాడు. అంతవరకూ అయితే ఎలాగో దులిపేసుకునేవాళ్ళేమో. కానీ టీవీలో వచ్చినప్పుడు జడ్జి మాట పూర్తవగానే గ్యాలరీ ముందు వరస కనబడింది. ఆకుపచ్చ స్వెటరు వేసుకుని, తల వెనక్కి వాల్చి, కళ్ళల్లోంచి నీళ్ళు కారేలా నవ్వుతున్న ఒక ఆడమనిషి కనబడింది. లెక్కపెట్టినవాళ్ళు ఆరు సెకన్లన్నారు.

అక్కా కూతురూ ఇరుగుపొరుగు వాళ్ళని పిలుచుకుని మరీ టీవీ ముందు కూర్చున్నారు ఆ రోజు.

పిల్ల పాడిన రోజున పిన్ని అసలు స్టూడియోకే వెళ్ళలేదు. జ్వరంతో ఇంట్లో పడుకుంది. ఆ నవ్వు ఎప్పుడో చలికాలంలో ఖాళీ స్టేజీని చూసి నవ్విన ముక్క. అక్క ఇంటికి పరిగెత్తుకుంటూ వెళ్ళి మూసిన తలుపు ముందు నిలబడి చెప్పింది. "అక్కా, స్వెటరు చూడవే! ఈ ఎండల్లో ఎవరన్నా స్వెటరు వేసుకుంటారా?" అంది.

"స్టూడియోలో చలని ఏడాది పొడుగునా దాన్నేసుకునే వెళ్తావు కదే. నాకు తెలీదా?" అంది అక్క తలుపవతల నుంచి. "నవ్వింది నువ్వు కాదా? అది చెప్పు ముందు."

"నేనే. కానీ..."

"ఇంక మాట్లాడకు. మా గుమ్మం తొక్కకు."

ఆ ఆరు సెకన్లనీ జనం కత్తిరించుకుని ఫోన్లలో పంచుకున్నారు. కుర్రాళ్ళు పని గట్టుకుని మందుల దుకాణానికి వచ్చి, "గొంతుకి మందుందా?" అని అడిగి ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుని నవ్వి వెళ్ళేవాళ్ళు. వారం చూసి యజమాని, "కొన్నాళ్ళు ఇంట్లో ఉండమ్మా" అన్నాడు. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో చెప్పలేదు. పిల్ల పాడటం మానేసింది. బట్టలు ఆరేసేటప్పుడు కూడా నోరు మెదపడం లేదని పక్కవాటా ఆవిడ చెబితే విని, పిన్ని రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు.

ఆ నవ్విన మనిషి పాడిన పిల్లకి సొంత పిన్ని అని ఎలా తెలిసిందో, టీవీవాళ్ళకి తెలిసిపోయింది. వాళ్ళకి పండగే అయింది. మేస్త్రిని వెంటబెట్టుకుని ఫైలు అమ్మాయి ఇంటికే వచ్చింది. ఇద్దరినీ స్టేజీ మీద కలుపుతారట. పిన్ని తప్పు ఒప్పుకోవాలి. పిల్ల క్షమించాలి. వాటేసుకోవాలి. ఆ తర్వాత పిల్ల అదే పాట మళ్ళీ పాడుతుంది, ఈసారి పూర్తిగా. జడ్జి లేచి నిలబడి చప్పట్లు కొడతాడు. ఎలా పాడుతుందో వినకముందే ఆయన నిలబడటం ఖాయమైపోయింది.

"మరి నేను ఆ రోజు నవ్వలేదని చెప్పొచ్చా?" అని అడిగిందామె.

"ముక్కల సంగతి బయట చెప్పకూడదని కాగితం మీద సంతకం పెట్టావు కదక్కా" అన్నాడు మేస్త్రి. తర్వాత గొంతు తగ్గించి, "పిల్ల పాట పిల్లకొస్తుంది. ఒక్క మాట. నవ్వాను, తప్పయింది అనెయ్యి. నీ సొమ్మేం పోయింది?" అన్నాడు.

ఆమె రాత్రీ పగలూ ఆలోచించి, అబద్ధమైతే అయింది, పిల్లకి పాట తిరిగొస్తే చాలనుకుంది. పిల్ల కూడా ఒప్పుకుందని తెలిసినప్పుడు గుండె మీది బరువు సగం దిగింది. ఆ సగం ధైర్యంతోనే ఇవాళ ముందు గేటు నుంచి లోపలికొచ్చింది.

మూడింటికి పిలుపొచ్చింది.

స్టేజీ మీంచి గ్యాలరీని ఆమె ఎప్పుడూ చూడలేదు. కింద నుంచి చూస్తే స్టేజీ ఎంత పెద్దదో, ఇక్కడి నుంచి చూస్తే గ్యాలరీ అంత చిన్నది. నలభై మంది. దాదాపు అందరూ తెలిసినవాళ్ళే. ముందు వరసలో తను కూర్చునే చోట ఎవరో కొత్తావిడ కూర్చుంది. పిన్నిని స్టేజీ మధ్య ఒక కుర్చీలో కూర్చోబెట్టారు. ఎదురుగా ఇంకో కుర్చీ ఖాళీగా ఉంది. పిల్లని తెర వెనక నిలబెట్టారు. తెర అంచు దగ్గర దాని చెప్పులు కనిపిస్తున్నాయి.

"ఈలోగా గ్యాలరీ ముక్కలు లాగేద్దాం" అంది పైనున్న స్పీకరు. డైరెక్టరు ఎప్పుడూ కనిపించడు, పైనుంచి గొంతు మాత్రం వస్తుంది.

ఫ్లోర్ మేనేజరు చెయ్యెత్తాడు. నలభై మందీ ఖాళీ కుర్చీ వైపు చూసి పగలబడి నవ్వారు. చెయ్యి దించగానే ఆపేశారు. మళ్ళీ చెయ్యెత్తాడు. నలభై మందీ కొంగులతో, చేతిరుమాళ్ళతో కళ్ళు ఒత్తుకున్నారు. ఒక ముసలాయన భుజాలు కదిలేలా ఏడ్చాడు. "తాతా, నువ్వు సూపర్. చాలు" అన్నాడు ఫ్లోర్ మేనేజరు. ముసలాయన కళ్ళు తుడుచుకుని పక్కవాడిని టైమెంతయిందని అడిగాడు.

తెర పక్కకి జరిగింది. పిల్ల తల బయటికి పెట్టి గ్యాలరీని చూస్తోంది. ఆ ముసలాయన్ని చూసింది. ఖాళీ కుర్చీని చూసింది. తర్వాత పిన్ని వైపు చూసింది. రెండు నెలల తర్వాత మొదటిసారి చూడటం. ఎంత చిక్కిపోయిందో! పౌడరు ఎంత మెత్తినా కళ్ళ కింద నలుపు దాగలేదు. ఫైలు అమ్మాయి పిల్లని భుజం పట్టుకుని లోపలికి లాగేసింది.

యాంకరు వచ్చింది. బయట రోడ్ల మీద అంతెత్తు బోర్డుల్లో నవ్వుతూ కనిపించే మనిషి. దగ్గర్నించి చూస్తే మామూలు మనిషే, మడమలకి ప్లాస్టర్లు అంటించుకుని ఉంది. "కంగారు పడకండమ్మా. తొందరగా అయిపోతుంది. నాకూ పొద్దుట్నించీ కాళ్ళు పీకుతున్నాయి" అంది మెల్లిగా. దీపాలు వెలగగానే ఆ గొంతే మారిపోయింది.

పిల్లని పిలిచారు. వచ్చి కూర్చుంది. అన్నీ అనుకున్నట్టే నడిచాయి. పెద్ద తెర మీద ఆ ఆరు సెకన్లూ వేసి చూపించారు. యాంకరు ఒక నిట్టూర్పు విడిచి, "ఆ రోజు నవ్వింది మీరేనా?" అని అడిగింది.

"నేనే. తప్పయిపోయింది. నన్ను క్షమించమ్మా" అందామె. నేర్పిన పాఠం అప్పజెప్పినట్టే వచ్చింది.

ఇప్పుడు పిల్ల లేవాలి. కానీ యాంకరు చెవిలో ఏదో వినపడినట్టుంది. చేత్తో పిల్లని ఆపి, పిన్ని వైపు వంగింది.

"సొంత అక్క కూతురు. చేతుల్లో పెంచిన పిల్ల. అది అక్కడ గొంతు పోయి నిలబడితే మీకు నవ్వెలా వచ్చిందమ్మా? ఆ క్షణంలో మీ మనసులో ఏముంది?"

ఈ ప్రశ్న వాళ్ళు ముందే రాసిచ్చిన కాగితంలో లేదు. జవాబూ లేదు. ఆమె అటూ ఇటూ చూసింది. పిల్ల తన వంకే చూస్తోంది. కాగితంలో లేనిది కనక ఆమె నోట నిజం వచ్చేసింది.

"నా మనసులో ఇదే ఉంది" అంది, పిల్లని చూపించి. "దీనికి నాలుగేళ్ళు. మా అక్క షిఫ్టుకెళ్తే నేనే స్నానం చేయించేదాన్ని. బకెట్టు బోర్లించుకుని దాని మీద ఎక్కేది. చెంబు మైకులా పట్టుకునేది. తలంతా సబ్బు నురగ. పాట ఎత్తుకునేది. ఓ రోజు నోరు బాగా తెరిచి పైస్థాయి ఎత్తుకునేసరికి నురగ నోట్లోకెళ్ళి బుడగొచ్చింది. ఇంత బుడగ! అదేమో పాట ఆపదు. బుడగతో సహా పాడుతూనే ఉంది. నేను గోడకానుకుని ఒకటే నవ్వు. నన్ను చూసి అదీ నవ్వింది. బుడగ టప్పున పేలింది." ఆమె తల వంచుకుంది. "నవ్వమన్నప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. ఇంకేదీ గుర్తు రాదు."

యాంకరు రుమాలు తీయడం మర్చిపోయింది. పిల్ల ముఖంలో ఏం కదిలిందో పిన్ని చూడలేదు, తల ఎత్తే ధైర్యం లేక.

"కట్!" అంది స్పీకరు. "బ్రహ్మాండం! ఎక్కడ దొరికింది ఈవిడ? అమ్మా, చిన్న ఇబ్బంది. తల వంచేశారు, ముఖం మీద లైటు పడలేదు. ఇంకోసారి చెప్పండి. అదే, అలాగే. 'నవ్వమన్నప్పుడల్లా' అన్న మాట వద్దు. బుడగ పేలిందన్నాక రెండు సెకన్లు ఆగి, అప్పుడు కన్నీళ్ళు. అవునూ, బకెట్టు ఏ రంగుది? చిన్నపిల్లని పెట్టి ఆ సీను తీసి మధ్యలో వేద్దాం."

ఫ్లోర్ మేనేజరు దగ్గరికొచ్చి, "బకెట్టు ఏ రంగక్కా?" అని అడిగాడు.

ఆమె తలెత్తింది. ఆరేళ్ళలో నవ్వమంటే నవ్వింది. ఏడవమంటే ఏడ్చింది. మొగుడి చెప్పుల్ని ఎన్నిసార్లు గుర్తు తెచ్చుకుందో, ఇప్పుడవి గుర్తొచ్చినా కళ్ళల్లో నీళ్ళేగాని గుండెలో నొప్పి లేదు. అరగదీసేసుకుంది వాటిని. ఇక మిగిలింది ఈ సబ్బు బుడగ ఒక్కటి. దాన్నీ తనే ముందు వరస నవ్వులకి వాడుకుంది. వాడుకుంటే ఏమయిందో రెండు నెలలుగా చూస్తోంది.

"చెప్పను" అంది.

"రంగు గుర్తు లేకపోతే ఏదో ఒకటి..."

"గుర్తుంది. చెప్పను. ఆ మాట రెండోసారి చెప్పను."

ఫ్లోర్ మేనేజరు నవ్వాలో కోప్పడాలో తెలియక పైకి చూశాడు. ఫైలు అమ్మాయి ఒప్పందం కాగితం పట్టుకుని పరిగెత్తుకొచ్చి, సంతకం చూపించింది. మేస్త్రి గ్యాలరీ పక్కనుంచి రెండు చేతులూ జోడించి సైగలు చేస్తున్నాడు. యాంకరు మోకాళ్ళ మీద చేతులుంచి వంగి, "చెప్పెయ్యండమ్మా, పిల్ల పాడాలి కదా" అంది. మనస్ఫూర్తిగానే అంది.

పిల్ల పాడాలి. ఆ మాటకి మాత్రం ఆమె లోపల నిలువునా కూలింది. స్టేజీ మూల వాయిద్యాలవాళ్ళు శ్రుతి చూసుకుని సిద్ధంగా ఉన్నారు. ఒక్కసారి నోరు తెరిస్తే చాలు. అయినా తెరవలేకపోయింది. 'ఎంత పాపిష్టిదాన్ని' అనుకుంది. పెదాలు బిగించుకుంది.

"పిల్లతో చెప్పించండి. దాని మాట వింటుంది" అంది స్పీకరు.

పిల్ల లేచి వచ్చింది. పిన్ని కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తన మైకునీ పిన్ని మైకునీ చెరో అరచేత్తో మూసింది. బతిమాలుతోందనుకున్నారు అందరూ.

"ఆ నవ్వు ఎప్పటిది పిన్నీ?"

"చలికాలంలో తీసింది, గువ్వా. అప్పటికి నీకు ఈ పోటీయే లేదు. నేను చెబితే..."

"మేం విన్లేదు." పిల్ల గ్యాలరీ వైపు ఒకసారి చూసి మళ్ళీ తిరిగింది. "బుడగ సంగతి నిజమేనా? నాకు గుర్తు లేదు."

"నిజం. నీ ఆ బుడగ పాట తల్చుకునే నవ్వానే. అదే నా బాధ. నవ్వలేదని ఒట్టు వెయ్యడానికి కూడా లేదు."

పిల్ల పిన్ని చెంప మీద కారిన రంగుని బొటనవేలితో తుడిచింది. తర్వాత తన కుర్చీలోకి వెళ్ళి కూర్చుని, తన మైకు మీంచి చెయ్యి తీసింది.

"మా పిన్ని చెప్పదు. నేను అడగను."

"అడగకపోతే పాట లేదమ్మా" అంది స్పీకరు, విసుగు లేకుండానే. "ఎడిటింగులో ఆ పాత నవ్వు ముక్కే మిగులుతుంది. ఆలోచించుకో."

పిల్ల వాయిద్యాలవాళ్ళ వంక చూసింది. "సరే" అంది చివరికి. పాట లేకపోయినా సరే అందో, ఆలోచించుకుంటానందో, ఎవరికీ అర్థం కాలేదు. పిన్నికి మాత్రం అర్థమైంది. "వద్దే, నీ పాట..." అని లేవబోయింది. పిల్ల తల అడ్డంగా ఊపింది.

"టైము పోతోంది. వాళ్ళని అక్కడే ఉండనిచ్చి గ్యాలరీ మీద పెట్టండి కెమెరాలు" అంది స్పీకరు. "ఏడుపు ఇంకొంచెం కావాలి."

ఫ్లోర్ మేనేజరు చెయ్యెత్తాడు. నలభై మందీ ఈ ఇద్దరి వైపే చూస్తూ ఏడ్చారు. ఆ కన్నీళ్ళలో చెబితే వచ్చినవెన్నో, చెప్పకుండా వచ్చినవెన్నో, ఆరేళ్ళు అదే పని చేసిన ఆమెకి కూడా తేల్చుకోవడం చేతకాలేదు. ఎదుటి కుర్చీలో పిల్ల గొంతు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఎవరూ పాడమనలేదు.